రాజ్‌భవన్ నుంచి పార్టీ ఆఫీసుకు తిరిగి వెళ్లే దారి మూసేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏ రాష్ట్రానికైనా కొత్త గవర్నర్ పేరు ప్రకటించిన మర్నాడు పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఒకే మూసలో ఉంటుంది. ఫొటో, పుట్టిన ఊరు, చదువు, గతంలో చేసిన పదవుల గురించి ఒక లైను, ఎయిర్‌పోర్టులో బొకేలు ఇచ్చిన మంత్రుల పేర్లు. పాఠకుడిగా నాకు కావాల్సింది ఆ ఒక్క లైనులోనే ఇరుక్కుపోయి ఉంటుంది. ఏ పార్టీలో ఏ పదవి, ఎప్పటిదాకా చేశారు, ఎన్నికల్లో ఓడిపోయాక వచ్చారా, సీఎం కుర్చీ దిగాల్సి వచ్చి వచ్చారా, ఇక్కడి నుంచి వెళ్లాక ఏం కాగలరు, ఇవన్నీ వివరంగా రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం. గవర్నర్ మీద గొడవ వచ్చిన ప్రతిసారీ బిల్లులకు ఆమోదం గురించిన 200వ అధికరణ ఏం చెప్తోంది, రాష్ట్రపతి పాలన గురించిన 356 ఏం చెప్తోంది అని టీవీల్లో గంటలు గంటలు మాట్లాడతారు గానీ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నిన్నటిదాకా ఎవరు, రేపు ఎవరు కాబోతున్నారు అన్నది ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో అసలు సమస్య అక్కడే ఉంది.

రాజకీయాల్లోంచి వచ్చినవాళ్లు గవర్నర్లు కాకూడదని నేను అనడం లేదు. అలా అంటే మన పెద్దల్లో చాలామందిని కొట్టేయాల్సి వస్తుంది. పట్టాభి సీతారామయ్య గారు కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేశాక 1952లో మధ్యప్రదేశ్ గవర్నర్‌గా వెళ్లారు. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు 1925లోనే కాంగ్రెస్ అధ్యక్షురాలు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు ఆవిడే గవర్నర్. ఆవిడ కూతురు పద్మజా నాయుడు పశ్చిమ బెంగాల్‌లో 1956 నుంచి 1967 దాకా ఉన్నారు. వి.వి.గిరి గారు మద్రాసు ప్రభుత్వంలో మంత్రి, సిలోన్‌లో మన హైకమిషనర్, నెహ్రూ కేబినెట్‌లో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పు విషయంలో ప్రభుత్వంతో పడక 1954లో మంత్రి పదవి వదిలేసిన మనిషి ఆయన. 1957లో పార్వతీపురంలో లోక్‌సభకు ఓడిపోయారు, అదే ఏడాది ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు, తర్వాత కేరళ, మైసూరు, ఆపైన ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి. అంటే ఓడినవారికి రాజ్‌భవన్ ఇవ్వడం ఈ మధ్య ఏ ఒక్క పార్టీయో మొదలుపెట్టింది కాదు, రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడేళ్లకే ఉంది.

రోశయ్య గారిని చూడండి. ఏళ్ల తరబడి ఆర్థిక మంత్రిగా ఉమ్మడి రాష్ట్రంలో బడ్జెట్లు పెట్టారు, వైఎస్ గారు పోయాక సీఎం అయ్యారు, 2010 నవంబర్‌లో దిగిపోయారు, 2011 ఆగస్టులో తమిళనాడు గవర్నర్‌గా వెళ్లారు. నియమించింది యూపీఏ. 2014లో ఢిల్లీలో ప్రభుత్వం మారి చాలామంది గవర్నర్లు ఇళ్లకు వెళ్లిపోయినా ఆయన మాత్రం అయిదేళ్లూ పూర్తి చేసుకుని 2016లో వచ్చారు. మధ్యలో కొన్నాళ్లు కర్ణాటక అదనపు బాధ్యత కూడా ఆయనదే. వచ్చాక ఏ పదవికీ పోటీ పడలేదు. సభలో మాటకు మాట అప్పజెప్పడంలో ఆయనకు సాటి లేదు, అయినా చెన్నైలో ఆ నోరు ఎక్కడా రాజకీయానికి వాడలేదు. రాజకీయ అనుభవం ఉన్న గవర్నర్ ఎలా ఉండాలి అంటే నేను ఆయన్నే చూపిస్తాను.

మర్రి చెన్నారెడ్డి గారి దారి వేరు. 1967లో కేంద్రంలో ఉక్కు శాఖ మంత్రి. ఎన్నిక చెల్లదని కోర్టు తీర్పు వచ్చాక ఆ పదవి పోయింది, ఆరేళ్లు పోటీకి అనర్హత పడింది. ఆ మధ్యలోనే తెలంగాణ ప్రజా సమితిని నడిపి 1971లో పది లోక్‌సభ సీట్లు గెలిపించారు. 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నర్. 1977 అక్టోబరులో అక్కడి నుంచి బయటికి వచ్చి ఆరు నెలలు తిరక్కుండానే, 1978 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. 1980లో దిగిపోయి 1982లో పంజాబ్ గవర్నర్, 1989లో మళ్లీ ముఖ్యమంత్రి, 1992లో రాజస్థాన్ గవర్నర్, 1993లో తమిళనాడు గవర్నర్, 1996లో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన సమర్థత మీద నాకు ఏ అనుమానమూ లేదు, జయలలిత లాంటి ముఖ్యమంత్రితో ఢీ అంటే ఢీ అన్న మనిషి. కానీ గవర్నర్ పదవి, సీఎం పదవి ఒకే మనిషి జీవితంలో ఇలా అటొకటి ఇటొకటిగా వస్తుంటే రాజ్‌భవన్‌లో ఉన్న రోజుల్లో ఆ మనిషి మనసు ఎక్కడుంటుంది? మంచివాడా చెడ్డవాడా అన్నదాంతో సంబంధం లేదు. తిరిగి వెళ్లాల్సిన ఇల్లు ఒకటి ఉన్నప్పుడు ఆ ఇంటి పెద్దను కాదనడం ఎవరికైనా కష్టమే.

1984 ఆగస్టు సంగతి మన రాష్ట్రంలో చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు, 16వ తేదీన అప్పటి గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. అసెంబ్లీ పెట్టండి, బలం చూపిస్తానని ఎన్టీఆర్ అడిగితే వినలేదు. చివరికి ఆయన వీల్‌చైర్‌లో ఢిల్లీ వెళ్లి ఎమ్మెల్యేలను రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చింది. ఈ కథ అందరికీ తెలుసు. రామ్‌లాల్ ఎవరన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆయన హిమాచల్‌ప్రదేశ్‌లో కాంగ్రెస్ ముఖ్యమంత్రి, 1983 ఏప్రిల్‌లో ఆ కుర్చీ దిగారు, ఆ ఆగస్టులోనే హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు. సీఎంగా దిగడానికీ గవర్నర్‌గా ఎక్కడానికీ మధ్య నిండా నాలుగైదు నెలలు కూడా లేవు. నిన్నటిదాకా అధిష్ఠానం మాట మీద నడిచిన మనిషిని, ఆ పార్టీని చిత్తుగా ఓడించి వచ్చిన ప్రభుత్వం మీద పెద్దగా పెట్టారు.

ఇందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. రామ్‌లాల్ స్థానంలో వచ్చింది శంకర్ దయాళ్ శర్మ. ఆయనేమీ రాజకీయాలకు దూరంగా ఉన్న మనిషి కాదు, 1952 నుంచి 1956 దాకా భోపాల్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి, తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడు, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో కేంద్రమంత్రి. అదే పార్టీ, అదే అధిష్ఠానం. అయినా ఆయన హయాంలోనే సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. జనం రోడ్ల మీదికి రావడం, దేశమంతా గొడవ కావడం వల్లే ఢిల్లీ వెనక్కి తగ్గిందన్నది నిజమే, కానీ ఆ పని గౌరవంగా చేయగలిగింది ఒక పాత రాజకీయవేత్తే. తర్వాత ఆయన పంజాబ్, మహారాష్ట్ర గవర్నర్‌గా, ఉపరాష్ట్రపతిగా, రాష్ట్రపతిగా పైకే వెళ్లారు, మళ్లీ పార్టీ పదవికో ఎమ్మెల్యే సీటుకో దిగలేదు. అందుకే అంటున్నాను, వెనక ఉన్న పదవుల కన్నా ముందు కనిపించే పదవులే ఎక్కువ ప్రమాదం.

1984ను మనం తెలుగువాళ్లకు జరిగిన అన్యాయంగా చెప్పుకుంటాం. అలా చెప్పుకోవడం న్యాయమే. మరి మనవాళ్లు గవర్నర్లుగా వెళ్లిన చోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. హైదరాబాద్ రాష్ట్రానికి కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారు 1956లో కేరళ గవర్నర్‌గా వెళ్లారు. 1957లో కమ్యూనిస్టు నాయకుడు ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ప్రమాణం చేయించిందీ ఆయనే, 1959 జులై 31న ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసినప్పుడు అక్కడ ఉన్నదీ ఆయనే. ఎంతో పండితుడు, మర్యాదస్తుడు. అయినా కేరళలో ఇప్పటికీ గవర్నర్ వ్యవస్థ అంటే మొదట గుర్తొచ్చేది ఆ ఏడాదే.

ఇక మా నంద్యాల విషయం. మా నియోజకవర్గం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు, పి.వి. గారు ప్రధానిగా ఉంటూ ఇక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు, ఇవి ఊళ్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు. ఇక్కడి నుంచి ఎంపీగా గెలిచి కేంద్ర హోంశాఖలో సహాయ మంత్రిగా చేసిన పెండేకంటి వెంకటసుబ్బయ్య గారి గురించి అంతగా చెప్పుకోరు. ఆయన 1985లో బీహార్ గవర్నర్, 1988లో కర్ణాటక గవర్నర్. ఈ రోజు దేశంలో ఏ మూల ప్రభుత్వం కూలే పరిస్థితి వచ్చినా లాయర్లు ముందు ఎత్తేది ఎస్.ఆర్.బొమ్మై కేసు, ఆ కేసు పుట్టింది ఆయన పంపిన రిపోర్టు మీద.

జరిగింది ఇది. 1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో జనతాదళ్ ప్రభుత్వం, బొమ్మై సీఎం. మొలకేరి అనే ఎమ్మెల్యే పార్టీ మారి, మరో 19 మంది ఎమ్మెల్యేలవని చెప్పి మద్దతు ఉపసంహరణ ఉత్తరాలు తెచ్చి గవర్నర్ చేతిలో పెట్టారు. 19వ తేదీన గవర్నర్ రాష్ట్రపతికి రాశారు, ముఖ్యమంత్రికి మెజారిటీ పోయిందని. మర్నాడు ఆ 19 మందిలో ఏడుగురు, మమ్మల్ని తప్పుదోవ పట్టించి సంతకాలు తీసుకున్నారు, మేం ప్రభుత్వంతోనే ఉన్నాం అని మళ్లీ రాసిచ్చారు. అదే రోజు బొమ్మై వెళ్లి, 27న అసెంబ్లీ పెడుతున్నాం, కావాలంటే ఇంకా ముందే పెడతాం, బలం సభలోనే చూసుకోండి అన్నారు. ఒక్క వారం ఆగితే సరిపోయేది. గవర్నర్ ఆగలేదు, రెండో రిపోర్టు పంపారు, 21న రాష్ట్రపతి పాలన వచ్చింది, అసెంబ్లీ రద్దయింది. అయిదేళ్ల తర్వాత, 1994 మార్చి 11న, తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలో, గవర్నర్ సొంత అంచనాలో కాదు అంది. అప్పటికి ఆ అసెంబ్లీ ఎప్పుడో పోయింది, ఎన్నికలు కూడా అయిపోయాయి, బొమ్మైకి ఒరిగిందేమీ లేదు. హైదరాబాద్‌లో ఒక కాంగ్రెస్ మాజీ ముఖ్యమంత్రి తెలుగువాళ్ల ప్రభుత్వానికి చేసిందే, అయిదేళ్లు తిరక్కుండా బెంగళూరులో ఒక తెలుగు కాంగ్రెస్ మాజీ మంత్రి కన్నడిగుల ప్రభుత్వానికి చేశారు. వెంకటసుబ్బయ్య గారంటే మా జిల్లాలో గౌరవం ఉంది, నాకూ ఉంది. ఆ గౌరవంతోనే ఈ మాట రాస్తున్నా, అంత అనుభవం ఉన్న మనిషి చేత కూడా ఆ పని చేయించగల ఏర్పాటును అలాగే ఉంచకూడదు.

కాంగ్రెస్ రోజులు పోయాయి, ఇప్పుడు వేరే అంటారా? సుశీల్ కుమార్ షిండే మహారాష్ట్రలో 2004 ఎన్నికలకు సీఎంగా ఉండి పార్టీ కూటమిని గెలిపించారు, సీఎం కుర్చీ మాత్రం విలాస్‌రావ్ దేశ్‌ముఖ్‌కు వెళ్లింది, ఈయన్ని హైదరాబాద్ పంపారు. 2006 జనవరిలో ఇక్కడి నుంచి నేరుగా కేంద్ర విద్యుత్ మంత్రి. తర్వాత హోంమంత్రి అయి 2014 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభలో పెట్టిందీ ఆయనే. ఒక రాష్ట్రానికి రాజ్యాంగ పెద్దగా ఉన్న మనిషే పదేళ్లు కాకముందే కేంద్ర మంత్రిగా ఆ రాష్ట్రాన్ని విడదీసే బిల్లు పెట్టారు. విభజన మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు, ఇరువైపులా చదువరులున్నారు. ఆ మార్గం ఉండటం గురించే నా బాధ.

తమిళిసై సౌందరరాజన్ తమిళనాడు బీజేపీ అధ్యక్షురాలిగా ఉండగా 2019లో తూత్తుకుడిలో ఓడిపోయారు, సెప్టెంబరులో తెలంగాణ గవర్నర్‌గా వచ్చారు. బిల్లులు ఆపారని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, గవర్నర్ ప్రసంగం లేకుండా బడ్జెట్ సమావేశాలు జరిగాయి, ఇరుపక్షాల తప్పూ ఉందనుకోండి. 2023లో గవర్నర్ కోటా ఎమ్మెల్సీలుగా దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లు కేబినెట్ పంపితే, వీళ్లు రాజకీయాల్లో ఉన్నవాళ్లు, ఆ కోటాకు తగరు అని తిప్పి పంపారు. 2024 మార్చి 18న ఆవిడ రాజీనామా చేశారు, రెండు రోజులకే పార్టీలో చేరారు, ఆ ఎన్నికల్లోనే దక్షిణ చెన్నైలో పోటీ చేశారు. రెండు రోజులు! శాసనమండలికి రాజకీయ నాయకులు తగరని చెప్పిన రాజ్‌భవన్ నుంచి లోక్‌సభ అభ్యర్థిత్వానికి అంత తొందరగా వెళ్లగలిగారంటే, ఆ నాలుగున్నరేళ్లలో తీసుకున్న ఒక్కో నిర్ణయం మీదా జనానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఆవిడ ఒక్కరే కాదు. మిజోరం గవర్నర్ పదవి వదిలి కుమ్మనం రాజశేఖరన్ 2019లో తిరువనంతపురంలో నిలబడ్డారు. ఉత్తరాఖండ్ గవర్నర్‌గా రాజీనామా చేసిన బేబీరాణి మౌర్య 2022లో ఎమ్మెల్యేగా గెలిచి యూపీలో మంత్రి అయ్యారు. కాంగ్రెస్‌లో ఎస్.ఎం.కృష్ణ మహారాష్ట్ర రాజ్‌భవన్ నుంచి వచ్చి ఏడాది గడిచాక విదేశాంగ మంత్రి అయ్యారు. ఏ పార్టీనీ వదలక్కర్లేదు.

రాజ్యాంగం రాసినవాళ్లు దీన్ని ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. మొదట గవర్నర్‌ను జనమే ఎన్నుకోవాలని అనుకున్నారు, 1949లో ఆ మాట మార్చి నియామకం అన్నారు. అప్పుడు నెహ్రూ చెప్పిన కారణమే, స్థానిక రాజకీయాలతో మరీ ముడిపడని, రాజకీయాల్లో మరీ మునిగిపోని పెద్దమనుషులు వస్తారని. కానీ దాన్ని రాతలో పెట్టలేదు. 157వ అధికరణ చూస్తే అర్హతలు రెండే, భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండి ఉండాలి. అంతే. కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లో స్పష్టంగా చెప్పింది, ఈ మధ్యకాలంలో రాజకీయాల్లో చురుగ్గా ఉన్నవాళ్లు వద్దు, కేంద్రంలో ఉన్న పార్టీ మనిషిని వేరే పార్టీ పాలిస్తున్న రాష్ట్రానికి పంపవద్దు, గవర్నర్‌గా చేసినవాళ్లకు తర్వాత మళ్లీ గవర్నర్ పదవి, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి తప్ప ప్రభుత్వంలో మరే పదవీ ఉండకూడదు అని. అదే విషయం మీద వేసిన పూంఛీ కమిషన్ 2010లో, నియామకానికి ముందు కనీసం రెండేళ్లు రాజకీయాలకు దూరంగా ఉండాలంది. ఈ సిఫార్సులు అమలు చేయడానికి ఏ ప్రభుత్వానికీ మనసు రాలేదు.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) విషయంలో మాత్రం రాజ్యాంగం గట్టిగానే ఉంది. 148వ అధికరణ నాలుగో క్లాజు ప్రకారం కాగ్‌గా దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ప్రభుత్వ పదవి చేపట్టకూడదు. లెక్కలు చూసే మనిషికి రేపటి ఆశ ఉండకూడదని ఆ జాగ్రత్త. ప్రభుత్వాలను కూల్చగల మనిషికి ఆ జాగ్రత్త అక్కర్లేదా? అక్కడ కూడా సందులున్నాయి. కాగ్‌గా చేసిన టి.ఎన్.చతుర్వేది తర్వాత బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లారు, 2002లో కర్ణాటక గవర్నర్ కూడా అయ్యారు. కాబట్టి గవర్నర్ల కోసం రాసే క్లాజు ఇంకా పకడ్బందీగా ఉండాలి, చట్టసభల సభ్యత్వం, మంత్రి పదవి, పార్టీ పదవి అని పేర్లు పెట్టి రాయాలి.

పోటీ చేసే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది, ఓటర్లే తేలుస్తారు కదా అనేవాళ్లు ఉంటారు. హక్కు శాశ్వతంగా తీసేయమని నేను అనడం లేదు, పదవి దిగాక అయిదేళ్లు ఆగమంటున్నాను, ఒక లోక్‌సభ కాలం. అంత ఆగలేనివాళ్లు ఆ పదవి ఒప్పుకోకపోతే దేశానికి వచ్చే నష్టమేమీ లేదు. ఇంత కఠినంగా ఉంటే ఎవరూ రారని ఇంకొందరంటారు. ఎందుకు రారు? బండారు దత్తాత్రేయ గారు సికింద్రాబాద్ నుంచి నాలుగుసార్లు ఎంపీ, కేంద్రమంత్రి, ఆ తర్వాత హిమాచల్‌కూ హర్యానాకూ గవర్నర్‌గా వెళ్లారు. దసరాకు అలయ్ బలయ్ పెట్టి అన్ని పార్టీలవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టే మనిషి. 2025 జులైలో అశోక్ గజపతిరాజు గారు గోవా గవర్నర్‌గా వెళ్లేముందు తెలుగుదేశం సభ్యత్వానికీ పొలిట్‌బ్యూరోకూ రాజీనామా చేసి వెళ్లారు. దశాబ్దాలుగా ఉన్న పార్టీని వదిలి వెళ్లడం తేలికేమీ కాదు. ఇలాంటివాళ్లకు ఈ నిబంధన అడ్డమే కాదు.

గవర్నర్‌కు రెండు ఒత్తిళ్లుంటాయి. మాట వినకపోతే తీసేస్తారన్న భయం ఒకటి, వింటే ఏదో ఇస్తారన్న ఆశ ఒకటి. 2004లో నలుగురు గవర్నర్లను తీసేసిన వ్యవహారం మీద సుప్రీంకోర్టు 2010లో, కేంద్రంలో ప్రభుత్వం మారినంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదని చెప్పింది. భయం కొంతైనా తగ్గింది. ఆశ సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, పార్లమెంటే ముట్టుకోవాలి. 158వ అధికరణలో ఒక్క క్లాజు చేరిస్తే సరిపోతుంది. నియామకానికి ముందు రెండేళ్లు పార్టీ పదవీ ఎన్నికల పోటీ ఉండకూడదు, దిగాక అయిదేళ్లు పార్టీలో చేరకూడదు, పోటీ చేయకూడదు, మంత్రి కాకూడదు.

రెండు రాష్ట్రాల్లో కలిపి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు మనకు. 1984 పేరు చెప్పి ఓట్లడిగిన పార్టీ ఉంది, రాజ్‌భవన్‌తో సుప్రీంకోర్టు దాకా పోరాడిన పార్టీ ఉంది. వీళ్లలో ఒక్కరైనా ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టొచ్చు. అది నెగ్గదని నాకూ తెలుసు, కానీ ఎవరు ఏ పక్షమో సభలో రికార్డవుతుంది. మీ పత్రిక తరఫున నేను అడిగేది చిన్న పని. ఇకమీద కొత్త గవర్నర్ పేరు వచ్చిన రోజు, ఆ వ్యక్తి చేసిన పదవులన్నీ తేదీలతో, చివరిసారి ఏ ఎన్నికల్లో నిలబడ్డారో, పార్టీకి ఏ రోజు రాజీనామా చేశారో ఒక పట్టికగా వేయండి. పదవి దిగి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో మళ్లీ వేయండి. ఈ ఉత్తరం కాపీ ఒకటి మా ఎంపీ గారి ఆఫీసుకు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
నంద్యాల